డ్రెసాజ్ గుర్రం సరిగ్గా కదులుతోందా, హాయిగా ఉందా: వెనక నుంచి ముందుకు చూడడం ఎలా

2023 సెప్టెంబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో అనుష్ అగర్వాలా, హృదయ్ ఛేడా, దివ్యకృతి సింగ్, సుదీప్తి హజేలా కలిసి డ్రెసాజ్ జట్టు స్వర్ణం తెచ్చారు. గుర్రపుస్వారీలో మనకు 41 ఏళ్ల తర్వాత వచ్చిన బంగారం అది. ఆ రోజు మా ఇంటి వాట్సాప్ గ్రూపులో పిన్ని దగ్గర్నుంచి తమ్ముడి దాకా అందరూ నన్ను ఒకటే ప్రశ్న అడిగారు: "గుర్రం నడుస్తోంది, పరిగెడుతోంది. ఇందులో ఏది బాగున్నట్టు, ఏది బాగోలేనట్టు?"

నేను జర్మనీలో, డ్యూసెల్‌డోర్ఫ్ దగ్గర ఉంటాను. శనాదివారాలు ఒక రైడింగ్ స్కూల్లో గడుపుతాను. ఆ ప్రశ్నకు అప్పుడు నాలుగు ముక్కల్లో ఏదో చెప్పేశాను గానీ, అది నాలుగు ముక్కల్లో తేలే విషయం కాదు. అందుకే నేను నేర్చుకున్న క్రమంలోనే మీకు చెబుతాను. మీరు టీవీలో చూసేవాళ్లయినా, హైదరాబాద్‌లో పిల్లల్ని రైడింగ్ క్లాసుకు పంపేవాళ్లయినా, మీరే జీనెక్కేవాళ్లయినా ఇది పనికొస్తుంది.

ముందు ఆట గురించి రెండు మాటలు. 20 మీటర్ల వెడల్పు, 60 మీటర్ల పొడవు ఉన్న మైదానంలో గుర్రం వరసగా కొన్ని కదలికలు చేస్తుంది. ఒక్కోదానికి జడ్జీలు 0 నుంచి 10 దాకా మార్కులు వేస్తారు. రౌతు సైగలు చూసేవాళ్ల కంట పడకూడదు. 1921లో ఏర్పడిన అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌ఈఐ తన నియమాల్లో డ్రెసాజ్ లక్ష్యం గుర్రాన్ని 'సంతోషంగా ఉన్న క్రీడాకారుడి'గా తీర్చిదిద్దడమే అని రాసుకుంది. అంటే గుర్రం హాయిగా ఉండడం ఈ ఆటలో అదనపు అలంకారం కాదు, ఆట లక్ష్యమే అది. దాన్ని కంటితో పోల్చుకోవడం చూసేవాళ్లకూ తెలిసి ఉండాలి.

ముందు ముందుకాళ్ల మీంచి చూపు తీసేయండి

బరాత్‌లో ఆడించే గుర్రాన్ని చూస్తూ పెరిగిన కళ్లు మనవి. మోకాళ్లు ఎంత పైకి లేస్తే అంత చప్పట్లు. అదే అలవాటుతో డ్రెసాజ్ చూస్తే మోసపోతాం. ముందుకాళ్లు గాల్లోకి విసిరే గుర్రం ఫొటోల్లో అద్భుతంగా ఉంటుంది. కానీ శరీరమంతా బిగుసుకుపోయి, తల లాగిపట్టి ఉన్న గుర్రం కూడా ముందుకాళ్లను అలాగే విసరగలదు. జర్మన్ శిక్షకులు దీనికి రెండు మాటలు వాడతారు. వీపుతో కదిలే గుర్రం ర్యూకెన్‌గెంగర్. వీపు బల్లలా ఉండిపోయి కాళ్లు మాత్రమే ఆడే గుర్రం షెంకెల్‌గెంగర్. మనం నేర్చుకోవాల్సిందల్లా ఈ రెంటికీ తేడా పట్టుకోవడం.

అందుకు నేను పాటించే క్రమం ఇది: ముందు చెవితో లయ వినాలి, తర్వాత వెనక కాళ్లు, తర్వాత వీపు, తోక. మెడ, నోరు, ముఖం ఆ తర్వాతే. ముందుకాళ్లు అన్నిటికంటే చివర. మొదట్లో కళ్లు వాటంతట అవే ముందుకాళ్ల మీదికి పోతాయి. ఒక పది వీడియోలు పట్టుబట్టి చూస్తే ఆ అలవాటు పోతుంది.

మొదటి మెట్టు: తాళం వేయండి

శిక్షణకు జర్మన్లు పెట్టుకున్న ఆరు మెట్లలో మొదటిది టక్ట్, అంటే లయ. దాని తర్వాత సడలింపు, కళ్ళెంతో మెత్తని స్పర్శ, ఊపు, తిన్నదనం, చివరగా బరువును వెనక కాళ్ల మీదికి కూడగట్టుకోవడం. మొదటిది లేకపోతే మిగతా అయిదూ నిలబడవు. మనవాళ్లకు ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. చిన్నప్పుడు నాలుగు రోజులు సంగీతం క్లాసుకో మృదంగం క్లాసుకో వెళ్లినవాళ్లెవరైనా గుర్రం నడకలను ఇట్టే పట్టుకోగలరు.

నడక, అంటే వాక్, నాలుగు దెబ్బలు. త-క-ధి-మి. నాలుగూ సమానంగా వినపడాలి. ట్రాట్, అంటే చిన్న పరుగు, రెండు దెబ్బలు. ఎదురెదురు మూలల కాళ్లు జతగా, కుడి ముందుకాలు ఎడమ వెనక కాలు ఒకసారి, తర్వాత రెండో జత. త-క, త-క. రెండు దెబ్బల మధ్య నాలుగు కాళ్లూ గాల్లో ఉండే ఒక చిన్న ఖాళీ ఉంటుంది. క్యాంటర్, అంటే గెంతుతూ సాగే పరుగు, మూడు దెబ్బలు, ఆ వెంటనే నిశ్శబ్దం. త-కి-ట, ఖాళీ. త-కి-ట, ఖాళీ.

తొడ మీద తాళం వేస్తూ చూడండి. మలుపుల్లో, నడక మారేచోట, కష్టమైన కదలిక ముందు తాళం జారుతోందా? జారితే అక్కడ ఏదో తేడా ఉంది. ఒకసారి జారితే అది తప్పటడుగు. ప్రతిసారీ అదే చోట జారితే బ్యాలెన్స్ లేకపోవడమో, నొప్పో, టెన్షనో అయి ఉంటుంది.

మూడింటిలోనూ వాక్‌ను ఎక్కువసేపు చూడమంటాను. చూడ్డానికి సాదాగా ఉంటుంది కాబట్టి అందరూ ఆ సమయంలో ఫోన్ చూసుకుంటారు. కానీ టెన్షన్‌లో ఉన్న గుర్రం ట్రాట్‌లో ఎలాగో నెట్టుకొస్తుంది, వాక్‌లో దొరికిపోతుంది. పక్క నుంచి చూస్తూ ఒకే వైపున్న రెండు కాళ్ల మీద దృష్టి పెట్టండి. వెనక కాలు ముందుకొచ్చి ముందుకాలిని దాదాపు తాకబోతుండగా ముందుకాలు లేచి తప్పుకుంటుంది. ఆ క్షణంలో రెండు కాళ్లూ కలిసి ఇంగ్లిష్ 'వి' అక్షరంలా కనపడాలి. వీపు బిగుసుకున్న గుర్రంలో ఆ 'వి' మాయమవుతుంది. ఒక పక్క రెండు కాళ్లూ కలిసికట్టుగా, ఒంటె నడిచినట్టు కదులుతాయి. త-క-ధి-మి కాస్తా తక్క-ధిమ్మి అయిపోతుంది. జడ్జీలు దీన్ని పెద్ద తప్పుగా లెక్కిస్తారు.

క్యాంటర్‌లో తరచూ కనిపించే లోపం మూడు దెబ్బలు నాలుగైపోవడం. మధ్యలో జతగా పడాల్సిన రెండు కాళ్లు విడివిడిగా పడతాయి. ఊపు లేకుండా రౌతు వేగాన్ని మాత్రమే తగ్గించేస్తే ఇలా అవుతుంది. గుర్రం గెంతడం మానేసి కుంటుకుంటూ పోతున్నట్టు కనపడుతుంది.

చెవికి అందే ఇంకో సంగతి ఉంది. గిట్టలు నేలను ఎలా తాకుతున్నాయో వినండి. బరువైన గుర్రమైనా సరే, సరిగ్గా పనిచేస్తుంటే మెత్తగా దిగుతుంది. మా స్కూల్లో ఇండోర్ అరీనా పక్కనే కాఫీ మెషిన్ ఉంటుంది. అక్కడ వీపు తిప్పి నిలబడి ఏ గుర్రం ముందుభాగం మీద బరువేసి నడుస్తోందో శబ్దంతో చెప్పేసే పెద్దాయన ఒకరున్నారు. ఏళ్ల తరబడి వింటే వచ్చిన విద్య అది.

రెండో మెట్టు: వెనక కాళ్లు, వీపు, తోక

ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి సరిగ్గా పక్క నుంచి ట్రాట్‌ను వీడియో తీయండి. కాళ్లు బాగా చాచిన క్షణంలో ఆపండి. ముందుకాలి మోకాలి కింది ఎముక వెంబడి ఒక గీత, దాని జత అయిన వెనక కాలి కింది ఎముక వెంబడి ఇంకో గీత ఊహించుకోండి. రెండు గీతలూ సమాంతరంగా ఉంటే గుర్రం ముందూ వెనకా సమానంగా పనిచేస్తోంది. ముందుకాలు ఆకాశం వైపు చూస్తూ వెనక కాలు నేలకు దగ్గరగా ఈడ్చుకుంటూ ఉంటే మీరు చూస్తున్నది తళుకు మాత్రమే.

అదే వీడియోలో ఇంకొకటి చూడొచ్చు. చాచిన ట్రాట్‌లో గిట్ట కొన ఎక్కడికి గురిపెట్టిందో గిట్ట అక్కడే నేల మీద పడాలని ఎఫ్‌ఈఐ నియమం. చాలా గుర్రాలు కాలిని ముందుకు విసిరి, నేల తాకే ముందు వెనక్కి లాక్కుంటాయి. మామూలు వేగంలో అది కంటికి ఆనదు, స్లో మోషన్‌లో స్పష్టంగా తెలుస్తుంది.

వాక్‌కు ఫోన్ కూడా అక్కర్లేదు, ఇసుక చాలు. అరీనాను చదును చేసిన వెంటనే గుర్రాన్ని వదులు పగ్గాల మీద నడిపించి అడుగుజాడలు చూడండి. వెనక గిట్ట ముద్ర ముందు గిట్ట ముద్రను దాటి స్పష్టంగా ముందు పడాలి. వెనకబడితే గుర్రం అడుగు కుదించుకుంటోంది. అయితే కూడగట్టుకున్న నడకలో అడుగులు పొట్టిగా ఉండడం సహజం, ఈ పరీక్ష దానికి వర్తించదు.

ఇప్పుడు జీను వెనక భాగం చూడండి. నడుము దగ్గర కండరాలు ఒకదాని వెంట ఒకటి అలలా లేచి పడుతుండాలి. ఆ అల తోక దాకా పోతుంది. హాయిగా పనిచేస్తున్న గుర్రం తోక కాస్త ఎత్తుగా, వదులుగా వేలాడుతూ, అడుగడుక్కీ అటూ ఇటూ సమంగా ఊగుతుంది. గడియారం లోలకాన్ని గుర్తు తెచ్చుకోండి. తోక కాళ్ల మధ్య బిగుసుకుపోయినా, ఎప్పుడూ ఒకే పక్కకు వంగి ఉన్నా, ఈగలు లేకుండానే కొరడాలా విసురుతున్నా ఆగి ఆలోచించాలి. రౌతు బూటు మడమకు ఉండే మొన, అంటే స్పర్, ఒకసారి తగిలినప్పుడు ఒక్కసారి విసిరితే అది జవాబు. రౌండంతా విసురుతూనే ఉంటే ఫిర్యాదు.

పియాఫ్ అనే కదలిక గురించి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే టీవీలో ఎక్కువ చప్పట్లు దానికే. ఉన్నచోటే ట్రాట్ చేయడం అది. గ్రాండ్ ప్రీ అనే అత్యున్నత స్థాయిలో 12 నుంచి 15 అడుగులు వేయాలి. మీరు చూడాల్సింది పిరుదుల్ని. వెనక కీళ్లు మడతపడి పిరుదులు కిందికి దిగాలి, ముందుభాగం తేలికపడి లేవాలి. పిరుదులు పైకి లేచి, ముందుకాళ్లు పొట్ట కిందికి వెనక్కి పడుతుంటే గుర్రం బరువును మోయడం లేదు, తప్పించుకుంటోంది. బరాత్‌లో నేర్పించే ఆట ఎక్కువగా ఈ రెండో రకమే. చూడ్డానికి పియాఫ్ లాగే ఉంటుంది, వెనక సగాన్ని చూస్తే ఆ పోలిక పోతుంది.

మూడో మెట్టు: మెడ, ముక్కు, నోరు

మేస్త్రీ గోడ కట్టేటప్పుడు వేలాడదీసే గుండుదారాన్ని గుర్రం నుదుటి ముందు ఊహించుకోండి. నుదుటి నుంచి ముక్కు దాకా ఉండే గీత ఆ దారానికి కొద్దిగా ముందుండాలి. రెండు చెవుల మధ్య నడినెత్తి మెడలోకెల్లా ఎత్తైన చోటు కావాలి. ముక్కు దారం దాటి ఛాతీ వైపు వెళ్లిపోయి, మెడ మధ్యలో ఎక్కడో విరిగినట్టు వంగి, అదే అన్నిటికంటే ఎత్తుగా కనిపిస్తే, ఆ గుర్రం చూడ్డానికి ఎంత వినయంగా ఉన్నా సరైన స్థితిలో లేదు. ఆ భంగిమలో దానికి ముందేముందో సరిగ్గా కనపడదు, గొంతు దగ్గర ఇరుకవుతుంది.

దీన్ని బలవంతంగా చేయించడాన్ని రోల్‌కూర్ అంటారు. దీని మీద పెద్ద గొడవలే జరిగాయి. 2010లో ఎఫ్‌ఈఐ, దూకుడుగా బలం వాడి మెడను అలా వంచడం ఆమోదయోగ్యం కాదని ప్రకటించింది. అయినా ఈ రోజుకీ వార్మప్‌లో ఆ మెడలు కనిపిస్తూనే ఉన్నాయి. ఒక్క ఫొటో చూసి తీర్పు ఇవ్వకండి. ఏ మంచి గుర్రమైనా ఒక క్షణం ముక్కు లోపలికి పెట్టొచ్చు. మీరు మనసులో పది లెక్కపెట్టేదాకా అలాగే ఉంటే అది క్షణం కాదు.

నోరు. పెదవులు నెమ్మదిగా కదులుతూ, అంచుల్లో కొంచెం తెల్లని నురగ ఉంటే మంచిదే. నోరు తెరుచుకుని పళ్లు కనపడడం, నాలుక పక్కకు వేలాడడం, పళ్లు కొరుకుతున్న శబ్దం రావడం, ఇవేవీ 'దాని స్వభావం' కావు.

ముక్కు చుట్టూ బిగించే పట్టీని, అంటే నోస్‌బ్యాండ్‌ని, తప్పకుండా చూడండి. బిగుతుగా కడితే తెరవాలనుకున్న నోరు కూడా తెరుచుకోదు, మనకు 'ప్రశాంతమైన నోరు' కనపడుతుంది. పాత పద్ధతి ప్రకారం రెండు వేళ్లు దూరాలి. కానీ ఎక్కడ? చాలామంది చెంప దగ్గర దూర్చి సరే అనేస్తారు. అక్కడ గుంట ఉంటుంది కాబట్టి వేళ్లు ఎలాగూ దూరతాయి. ముక్కు ఎముక మీద, సరిగ్గా మధ్యలో చూడాలి. ఈ వేళ్ల లెక్కతో వాదనలు ఎక్కువవడంతో 2025 నుంచి ఎఫ్‌ఈఐ పోటీల్లో కొలత పరికరం వాడుతున్నారు.

నాలుగో మెట్టు: ముఖం

గుర్రం వేటాడబడే జంతువు. నొప్పిని దాచుకోవడం దాని రక్తంలో ఉంది. కుక్కలా మూలగదు. కాబట్టి చిన్న చిన్న గుర్తులే మనకు దిక్కు.

చెవులు కదులుతూ ఉండాలి. ఒకటి ముందుకు, ఒకటి రౌతు వైపు, మళ్లీ మార్చి. రౌతు మాట వింటున్న గుర్రం చెవులు కాస్త వెనక్కి తిరగడం మామూలే, దాన్ని కోపం అనుకోవద్దు. మెడకు అతుక్కున్నట్టు వెనక్కి పడుకోబెట్టి అయిదు సెకన్లకు పైగా ఉంచేస్తే అది వేరు. మార్వారీ గుర్రాల చెవి కొనలు లోపలికి తిరిగి ఉంటాయి, కాబట్టి వాటి విషయంలో కొనలు కాదు, చెవి మొదలు ఎటు తిరిగిందో చూడండి.

కన్ను మెత్తగా ఉందా? పై రెప్ప మీద మడతలు పడి, ఎముక త్రికోణంలా పొడుచుకొస్తే అది ఒత్తిడి. తెల్లగుడ్డు పదేపదే కనపడడం, ఎటో చూస్తూ ఉండిపోయే శూన్యమైన చూపు కూడా అంతే. ముక్కుపుటాలు, గడ్డం, దవడ కండరాలు బిగిశాయా అన్నది కూడా చూడాలి. 2014లో పరిశోధకులు గుర్రం ముఖంలో ఇలాంటి ఆరు గుర్తులతో ఒక నొప్పి స్కేలు తయారుచేశారు. అది శస్త్రచికిత్స తర్వాత శాలలో ఉన్న గుర్రాల మీద చేసింది, కాబట్టి స్వారీలో ఉన్న గుర్రానికి మక్కీకి మక్కీ వాడలేం. మన కన్ను ఎక్కడెక్కడ చూడాలో మాత్రం అది బాగా నేర్పుతుంది.

ఇక 'ఫుర్ర్' మని ముక్కులోంచి పొడవుగా, మెత్తగా గాలి వదిలే శబ్దం. జలుబు కాదు అది. ఫ్రాన్స్‌లో రెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ఈ శబ్దం గుర్రాలు హాయిగా ఉన్న సందర్భాల్లోనే ఎక్కువగా వస్తుందని చూపించారు. మా స్కూల్లో అయితే వార్మప్‌లో ఆ శబ్దం వచ్చేదాకా అసలు పని మొదలుపెట్టనివ్వరు.

అయిదో మెట్టు: పగ్గాలు వదిలితే ఏం చేస్తుంది?

నాకు ఒక్క పరీక్షే చేసే అవకాశం ఉంటే ఇదే ఎంచుకుంటాను. రౌతు ట్రాట్‌లో ఉండగా పగ్గాలను మెల్లమెల్లగా వేళ్ల మధ్య నుంచి జారనిస్తారు. సరైన శిక్షణలో ఉన్న గుర్రం కళ్ళెం నములుతూ, ముక్కు ముందుకు చాచి, మెడను కిందికి దించుతుంది. వీపు పైకి లేస్తుంది. లయ మారదు, వేగం పెరగదు. దీన్ని జర్మన్లు 'పగ్గాలను గుర్రం నమిలి చేతిలోంచి తీసుకోనివ్వడం' అంటారు.

తల ఒక్కసారిగా గుంజుకుంటే, పైకెత్తేస్తే, పరుగందుకుంటే, లేదా పగ్గాలు వదిలినా మెడ అలాగే ముడుచుకుని ఉండిపోతే, అప్పటిదాకా కనిపించిన అందమంతా చేతుల బలంతో నిలబెట్టినదే. ముడుచుకుని ఉండిపోయే గుర్రాన్ని చూస్తే నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలుగుతుంది. వదిలేసినా నమ్మలేకపోతోంది అది.

ఇంకో చిన్న పరీక్ష ఉంది. రౌతు రెండు మూడు అంగల పాటు చేతులను మెడ వెంబడి ముందుకు జరిపి పగ్గాన్ని పూర్తిగా వదులు చేస్తారు. గుర్రం అదే బ్యాలెన్స్‌తో, అదే లయతో సాగిపోవాలి.

పోటీలో అయితే ఆట ముగిశాక చూడండి. సెల్యూట్ అయిపోయాక రౌతు పగ్గాలు వదిలి బయటికి నడిపించుకుపోయే ఆ అర నిమిషానికి మార్కులు లేవు. అప్పుడు 'వి' కనపడుతోందా, తోక ఊగుతోందా, మెడ దిగుతోందా? ఇక్కడ జర్మనీలోని ఆహెన్ ఊళ్లో జరిగే పెద్ద పోటీకి వెళ్తే నేను ఎక్కువసేపు నిలబడేది వార్మప్ మైదానం కంచె దగ్గరే. టీవీలో చూపించే ఆరేడు నిమిషాల ముందు, వెనక గుర్రం ఎలా ఉందో అక్కడ తెలుస్తుంది.

లోలా విషయంలో నేను చూడనిది

మా స్కూల్లో లోలా అని గోధుమరంగు ఆడ గుర్రం ఉండేది. కుడివైపు క్యాంటర్ అడిగితే చెవులు పడుకోబెట్టి తోక విసిరేది. 'ఆడ గుర్రం కదా, మూడీ' అన్నారు. నేనూ అదే నమ్మి కాళ్లతో ఇంకా గట్టిగా అడిగాను. కొన్ని వారాలు అలాగే గడిచాయి.

ఒక శనివారం జీను దించి చూస్తే వీపంతా చెమటతో తడిగా ఉంది, ఎడమవైపు మూపు వెనక మాత్రం అరచేయంత మేర పొడిగా ఉంది. బ్రష్ చేయబోయి ఆగిపోయాను. ఆ పొడి మచ్చను అంతకుముందు కూడా చాలాసార్లు చూశాను, చూసి బ్రష్ చేసేశాను. చెమట మధ్యలో పొడిగా ఉండిపోయే చోటంటే అక్కడ జీను గట్టిగా నొక్కుతోందని అర్థం కావచ్చని నాకు తెలియలేదు. జీను సరిచేసే ఆవిడ వచ్చి చూసి, కండరం పెరిగిన చోట జీను ఇరుకైపోయిందని చెప్పి మార్చారు. వేలితో అక్కడ మెత్తగా నొక్కితే లోలా చర్మం జలదరించి వీపు కిందికి దిగిపోయింది. ఆ కదలిక నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. నేను మొండితనం అనుకున్నది నొప్పి.

అప్పటినుంచి స్వారీ అయ్యాక ఇవి చూడకుండా ఇంటికి వెళ్లను. చెమట రెండు వైపులా సమంగా ఉందా, పొడి మచ్చలున్నాయా. వెన్ను పక్కన వేళ్లు మెత్తగా నడిపిస్తే ఎక్కడైనా ఉలిక్కిపడుతోందా. నోటి చివర్లలో గీతలు, పక్కటెముకల మీద స్పర్ రాపిడి. పొట్ట కింది పట్టీని, మన సైసులు, అంటే గుర్రాల్ని చూసుకునేవాళ్లు, తంగ్ అనేదాన్ని, బిగించేటప్పుడు కొరకబోతోందా. ఊపిరి ఎంతసేపటికి కుదుటపడుతోంది? విశ్రాంతిలో ఉన్న గుర్రం నిమిషానికి 8 నుంచి 16 సార్లు ఊపిరి తీస్తుంది, గుండె 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. మీ గుర్రం సొంత లెక్క ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. హైదరాబాద్ మే నెల ఎండలో కుదుటపడడానికి ఎక్కువసేపు పడుతుంది, కాబట్టి పోల్చుకోవాల్సింది అదే వాతావరణంలో అదే గుర్రంతో.

లెక్కపెట్టడం

'నాకెందుకో బాగా అనిపించలేదు' అంటే ఎవరూ వినరు. లెక్క చూపిస్తే వింటారు. బ్రిటన్ పశువైద్యురాలు సూ డైసన్, ఆమె సహచరులు 2018లో స్వారీలో ఉన్న గుర్రానికి 24 ప్రవర్తనల జాబితా ప్రకటించారు. పైన చెప్పిన చెవులు, చూపు, నోరు, తోకతో పాటు, తల పక్కకు వంచడం, క్యాంటర్‌లో కాళ్లు తప్పడం, పదేపదే తడబడడం, ముందుకు కదలనని మొరాయించడం లాంటివన్నీ అందులో ఉన్నాయి. 24లో ఎనిమిది, అంతకంటే ఎక్కువ కనిపిస్తే ఎముకలు, కండరాల నొప్పి ఉండే అవకాశం ఎక్కువ. ట్రాట్ అడుగులు (ఒక్కో దెబ్బకు ఒకటి) 15 సెకన్లు లెక్కపెట్టడం కూడా అందులో ఉంది. 40 దాటితే హడావుడి, 35 లోపైతే మందగొడితనం.

ఒకటి రెండు కనిపించగానే కంగారుపడకండి. మొదటిసారి కొత్త అరీనా చూస్తున్న నాలుగేళ్ల గుర్రం తల ఎత్తుతుంది, బెదురుతుంది, లయ తప్పుతుంది. నేర్చుకుంటున్న రౌతు కింద ముసలి స్కూలు గుర్రం కూడా అంతే. ఒకే గుర్రాన్ని వారం తేడాతో మూడుసార్లు చూసి, మూడుసార్లూ అవే గుర్తులు వస్తే అప్పుడు మాట్లాడండి.

చూపు పదును పెట్టుకోవడానికి వలెగ్రో అనే గుర్రం వీడియో చూడమని అందరికీ చెబుతాను. 2014 డిసెంబరులో లండన్ ఒలింపియాలో సంగీతంతో చేసిన ఆటకు అది 94.3 శాతం మార్కులు తెచ్చుకుంది. దాని వెనక కాళ్లు, వీపు చూడండి. అయితే దాన్ని నడిపిన షార్లెట్ డుజార్డిన్ 2024లో పారిస్ ఒలింపిక్స్ నుంచి తప్పుకున్నారు. శిక్షణలో ఇంకో గుర్రం కాళ్ల మీద పదేపదే కొరడాతో కొట్టిన పాత వీడియో బయటపడింది, ఎఫ్‌ఈఐ ఏడాది నిషేధం విధించింది. అందుకే రౌతు పేరు చూసి కాదు, మీ ముందున్న గుర్రాన్ని, ఆ రోజున చూడమంటున్నాను.

గుర్తులు కనిపిస్తే

గుర్రం మీ సొంతమైతే ముందు పశువైద్యుడు, తర్వాత పళ్లు, తర్వాత జీను, గిట్టలు. శిక్షణ మార్చడం వీటన్నిటి తర్వాత. ఈ వరస తలకిందులైతే నొప్పితో ఉన్న గుర్రాన్ని ఇంకా గట్టిగా పని చేయిస్తాం.

గుర్రం స్కూలుదైతే కోచ్‌తో క్లాసు మధ్యలో, అందరి ముందూ మాట్లాడకండి. క్లాసయ్యాక, జీను దించుతున్నప్పుడు పక్కన నిలబడి, "సార్, ఈ పొడి మచ్చ పోయిన వారం కూడా ఇక్కడే ఉంది, ఒకసారి చూస్తారా?" అని రెండు ఫొటోలు పక్కపక్కన చూపించండి. సైసును కూడా అడగండి. రోజూ తోమేది, మేత పెట్టేది ఆయనే. ఏ వైపు ముట్టుకుంటే గుర్రం పక్కకు జరుగుతుందో మనందరికంటే ముందు ఆయనకు తెలిసి ఉంటుంది, ఎవరూ అడగరు కాబట్టి చెప్పడు. పోటీలో వార్మప్ దగ్గర చూసిన దానికైతే అక్కడ స్టీవర్డ్‌లు, అంటే నియమాలు పాటిస్తున్నారో లేదో చూసే అధికారులు, ఉంటారు. ఏ గుర్రం, ఎన్ని గంటలకు, ఎంతసేపు అన్నది ఫోన్‌లో రాసుకుని వెళ్లి చెప్పండి.